మాబున్నికి నోరుగా ఉన్న రోజులు

నమోదు 1

నెమ్మది ఆగిపోయే రోజంటూ వస్తే నా పక్కన తనే కూర్చుంటానని ఓబుళేసు మాట ఇచ్చాడు. అప్పుడు ఇద్దరం కంపెనీ గుడారంలో ఒకే బల్ల మీద, చెవి వెనక ఆ నెమ్మది ముక్క పెట్టించుకునే కోతకు మా వంతు కోసం ఎదురుచూస్తున్నాం. "భయమేంటికి కేశవా, దీన్ని నిలిపేసే పొద్దు నేనుంటా గదా" అన్నాడు. ఆ రోజు వచ్చింది. ఓబుళేసు రాలేదు. ఆ వేసవంతా నేను గోడకు తల బాదుకుంటూ గడిపాను. అతను నెమ్మది ఆగినవాళ్ళ తోడుబడికి పెద్దగా పక్క కాలనీల్లో దండలు వేయించుకుంటూ, మనిషికి తోడు ఎంత అవసరమో ఉపన్యాసాలిచ్చాడు.

ఇది నా జ్ఞాపకమేనని తేల్చుకున్నాకే రాస్తున్నాను. ఈ మధ్య అలా తేల్చుకోవలసి వస్తోంది. నిన్న పొద్దున సోలార్ ప్యానెళ్ళ మీద దుమ్ము తుడుస్తుంటే మా అమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వినిపించి కళ్ళు చెమర్చాయి. రెండు వరుసలు తుడిచాక గుర్తొచ్చింది, నా తల్లి నన్ను కంటూనే పోయింది. ఆ రొట్టెల చప్పుడు ట్యాంకరు తోలే లింగప్ప వాళ్ళమ్మది. ఒకరి కథ ఇంకొకరు చెప్పే మా తోడుబడి కూటమిలో అతని కథ విన్నప్పుడు నాలోకి వచ్చి ఉంటుంది. వచ్చినది వచ్చినట్టే ఉండిపోయింది.

ఓబుళేసు మాట మాత్రం నాదే. అతను కూడా ఒప్పుకున్నాడు. "అన్నాను గానీ కేశవా, ఊళ్ళన్నీ పిలుస్తుంటే ఒక్కడి పక్కన ఎట్ల కూర్చునేది?" అన్నాడు. తనకు బదులు మాబున్నిని పంపాడు. అంతకు ముందు ఆమె ముఖం కూడా నాకు తెలియదు.

నమోదు 2

ఈ రోజు కొత్తగా చేరినవాళ్ళకు పాఠం. క్యాంటీన్ షెడ్డులోనే చెబుతాను. ఒకప్పుడు నేను నడిపిన గ్రంథాలయంలో చెప్పేవాణ్ణి. దాంట్లో ఇప్పుడు పెయింటు డబ్బాలు పెట్టారు.

మొదట నెమ్మది గురించి చెప్పాలి. చెవి వెనక ఎముక మీద బియ్యపు గింజంత ముక్క అది. ఈ ఎండలో, ఇంటికి దూరంగా పనిచేసేవాళ్ళు తట్టుకోవాలని కంపెనీ అందరికీ పెట్టించింది. వేలితో నొక్కితే టవరు నుంచి సంకేతం అందుకుని దుఃఖాన్ని మెత్తగా పక్కకు నెట్టేది. దుఃఖంతో పాటు ఇంకేమేం నెట్టిందో మాకు తరవాత తెలిసింది. కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాక టవర్లు ఆగాయి. ముక్కలు మాత్రం నరాల్లో వేళ్ళు పాతుకుని ఉండిపోయాయి. కోసి తీస్తే మనిషి దక్కడు.

నల్లగుట్ట మీది టవరు ఒక్కటే ఇంకా సంకేతం వదులుతోంది. గుట్ట ఎక్కితే చాలు, నొక్కక్కర్లేదు, నెమ్మది దానంతటదే వస్తుంది. మరి దాన్ని పడగొట్టరేం అని కొత్తవాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. పడగొట్టడానికి సుత్తులిచ్చి మనుషుల్ని పంపారు. వాళ్ళు నవ్వుతూ కూర్చుని, సుత్తులు అక్కడే వదిలేసి, మేం వెళ్ళి లాక్కొస్తే దిగారు. రాని వాళ్ళూ ఉన్నారు. మాబున్ని మొగుడు మస్తాను వాళ్ళలో ఒకడు. ఎక్కక తప్పనివాళ్ళు చెవి వెనక రాగి బిళ్ళ గుడ్డతో కట్టుకుని ఎక్కాలి. రాగి సంకేతాన్ని కాసేపు ఆపుతుంది, టవరు కూల్చేంత సేపు కాదు.

ఇక తోడుబడి పద్ధతి. ఇక్కడ ఎవరి కథ వాళ్ళు చెప్పుకోకూడదు. మీ జోడీ చెబుతాడు. అతను మీకు నోరు, మీరు అతనికి నోరు.

లింగప్ప కొత్తవాడు కాడు, అయినా ప్రతి పాఠానికీ వచ్చి ముందు కూర్చుంటాడు. నన్ను వేధించడం అతనికి కాలక్షేపం.

"నా కత చెప్పేకే నాకు చేతగాదు పెద్దాయనా. ఇంగొగుని కత ఎట్ల చెప్పేది?"

"నీ కథ నువ్వు చెప్తే అబద్ధం బాగా చెప్తావు."

"వాని కత చెప్తే చెప్పనా?"

"చెప్తావు. అంత బాగా రాదు."

అందరూ నవ్వారు. నేను నవ్వకుండా అసలు కారణం చెప్పాను. గుట్ట ఎక్కి వచ్చినవాడికి చాలాసార్లు ఎక్కిన సంగతే గుర్తుండదు. ఆ కాస్త కాలాన్ని నెమ్మది మింగేస్తుంది. అందుకే పక్కవాడి కళ్ళు కావాలి. ఒక నియమం ఏమిటంటే, నోరుగా ఉన్నవాడు చూసింది చెప్పాలి, అనుమానం చెప్పకూడదు. చూశాను, లేదా చూడలేదు. ఇంకో నియమం, మీ గురించి తప్పు చెబుతున్నారనిపిస్తే అరచెయ్యి పైకెత్తి ఆపవచ్చు. కూటమి ఎవరి నోటినైనా ప్రశ్న అడగవచ్చు.

ఈ పాఠాల మొదటి ప్రతి రాసింది నేను. అట్ట మీద బొమ్మ ఓబుళేసుది. దానికి నాకు బాధ లేదు, అతని ముఖం బొమ్మకు బాగుంటుంది. నేను రాసిన ఒక అధ్యాయాన్ని కొట్టేశాడు. దానికి బాధ ఉంది. ఆ అధ్యాయం పేరు 'అంటు'. నెమ్మది మింగిన ఏళ్ళు ఇప్పుడు వెనక్కి వస్తున్నాయి, వరుస తప్పి వస్తున్నాయి. మధ్యలో ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో పక్కవాడి కథ వచ్చి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఒకరికొకరు నోళ్ళుగా ఉంటే ఏది ఎవరిదో తెలియని రోజు వస్తుంది అని రాశాను. ఓబుళేసు చదివి, "ఇది చూస్తే జనం భయపడి పారిపోతారు కేశవా" అన్నాడు. ఎర్ర సిరాతో గీత గీశాడు. నలభై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికినవాణ్ణి, చరిత్రలో ఎన్నో గీతలు చూశాను. భయపడేవాడే గీస్తాడు.

నమోదు 3

మాబున్ని మిద్దెకు రంగు వేస్తోంది. లోపలి గోడ ఒకటి పసుపు, ఒకటి నీలం. మూడోదానికి ఏం వెయ్యాలో తెలియక నన్ను పిలిచింది.

"నీకు తెలీని రంగు లేదంట గదా పెద్దాయనా, సెప్పు."

"ఎవరన్నారు?"

"నువ్వే అంటివి, ఏదో పుస్తకంలో రంగుల గురించి అంత పెద్ద కత చెప్పి. నేను నిద్రపోతి."

ఆమె కూతురు షరీఫాకు పదేళ్ళు. మస్తాను గుట్ట మీద పోయాక మాబున్ని కూడా ఎక్కడం మొదలుపెట్టింది. అప్పుడు పిల్లను పిల్లలింటికి తీసుకెళ్ళారు. అది తప్పని ఆమె ఎన్నడూ అనలేదు. "గంజి కూడా కాయలే నేను. మేలే చేసిరి" అంటుంది. ఆ తరవాత ఆమె దిగింది, నిలబడింది. ఇప్పుడు ప్యానెళ్ళు కడిగే వాషింగ్ బండి తోలుతోంది. కాలనీలో ఆమె వరుసలే అన్నిటికన్నా మెరుస్తాయి.

బావులు ఎండిపోయాయని పిల్లలింటిని ఈ నెలలో సముద్రం వైపు మార్చేస్తున్నారు. శుక్రవారం కూటమిలో ఆమె గురించి మంచి మాట వస్తే పిల్ల ఇంటికి వస్తుంది. రాకపోతే బస్సులో అందరితో పాటు వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి ఎప్పుడు రప్పించగలరో ఎవరూ చెప్పడం లేదు.

ఆమె గురించి చెప్పవలసిన నోరు నేనే.

"మూడో గోడ తెల్లగా వదిలెయ్యి. పిల్ల వచ్చి చెప్తుంది" అన్నాను.

"అదీ బాగుండాది" అని బ్రష్షు నీళ్ళలో పెట్టింది. "శుక్రవారం బాగ చెప్తావు గదా? పుస్తకం భాషలో చెప్పాకు, ఓబుళేసన్నకు నిద్రొస్తాది."

నవ్వుతూనే అంది. నీళ్ళలో పెట్టిన బ్రష్షు మళ్ళీ తీసి రెండోసారి కడిగింది.

నమోదు 4

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడం లేదు.

పొద్దున గంజి తాగుతుండగా ఒక దృశ్యం. నల్లగుట్ట, టవరు అడుగున తుప్పు పట్టిన కమ్మీలు, మబ్బు పట్టిన వెలుతురు. మాబున్ని నాకు ఒక పక్కగా నిలబడి ఉంది. నారింజ కోటు గాలికి కొట్టుకుంటోంది. కుడి అరచెయ్యి చెవి వెనక గట్టిగా అదిమి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కింద కొత్త ప్యానెళ్ళు కనిపిస్తున్నాయి. అవి బిగించింది ఈ ఉగాదికి. అంటే ఇది పాత సంగతి కాదు.

గంజి చల్లారిపోయింది.

ఇది నేను చూసిందేనా? చూసి ఉంటే ఎందుకు ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు? ఎవరైనా చెప్పింది విన్నానా? కూటమిలో ఈ ఏడు గుట్ట కథలు చాలా విన్నాను. వాటిలో ఒకదానికి మాబున్ని ముఖం అతుక్కుందా? లింగప్ప తల్లి రొట్టెలు నావైనట్టు ఎవరి చెయ్యో మాబున్నిది అయిందా? కానీ రొట్టెల చప్పుడు మసకగా ఉంది. ఇది మసకగా లేదు. ఆమె గోళ్ళకు నీలం రంగు అంటి ఉంది. కాదు, నీలం రంగు నిన్నటి గోడది. అయితే నిన్నటి చెయ్యి మొన్నటి గుట్ట మీదికి ఎలా వెళ్ళింది?

నేను గుట్ట మీద లేను కదా, మరి ఎక్కణ్ణుంచి చూశాను అనే ప్రశ్న కూడా వచ్చింది. నలభయ్యో వరుస చివర నిలబడితే గుట్ట కనిపిస్తుంది. అక్కణ్ణుంచి చూసి ఉంటాను. అలా అనుకుని ఆ ప్రశ్నను వదిలేశాను.

నమోదు 5

ఆమెనే అడుగుదామని వెళ్ళాను. బండి చక్రానికి గ్రీజు పెడుతోంది.

"మాబున్నీ, ఈ ఏడు గుట్ట ఎక్కినావా?"

తల ఎత్తలేదు. "ఎక్కింటే నీకు తెల్దా? నా నోరు నువ్వే గదా."

"అది కాదు. ఎక్కినావా, లేదా?"

గ్రీజు చేత్తోనే ముఖం మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. చాలాసేపు నన్ను చూసింది. నాకేదో గుర్తుందేమో అని వెతుకుతున్నట్టు చూసింది. "నీకేం అగపడిందో అది చెప్పు పెద్దాయనా. నేను చెప్పేది కాదు గదా అది" అని మళ్ళీ చక్రం వైపు తిరిగింది.

కాదని అనలేదు. ఔనని అనలేదు.

కాలనీ ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని ఓబుళేసుకు చేశాను. వెనక ఎవరో మైకు సర్దుతున్న చప్పుడు. ఎప్పుడూ ఏదో ఒక సభలో ఉంటాడు.

"ఒక దృశ్యం వస్తోంది ఓబుళేసూ. నాదో కాదో తెలియడం లేదు. ఆ అధ్యాయంలో రాశాను చూడు, అంటు..."

"కేశవా, అది పాత గొడవ. ఇప్పుడెందుకు? ఆమెను చూసినావా లేదా?"

"చూసినట్టుంది."

"చూసినట్టుంది అని కూటమిలో చెప్పకూడదు. ఆ నియమం నువ్వే రాసినావు గదా. అనుమానం మొదలుపెడితే ఎవరి బతుకూ నిలవదు. చూసినావంటే చూసినావని చెప్పు, లేదంటే లేదని చెప్పు. నువ్వు పెద్దవాడివి, నీకు తెలియందా?"

ఆ నియమం నేనే రాశాను, నిజమే. దాని పక్కనే రెండో వాక్యం కూడా రాశాను, అంటు అనుమానం ఉన్నప్పుడు నోరు మూసుకుని జోడీని మార్చమని అడగాలి అని. ఆ వాక్యం కొట్టేసిన అధ్యాయంతో పాటు పోయింది. ఆ మాట గుర్తు చేద్దామనుకునేలోగా అతను ఫోను పెట్టేశాడు.

చూడలేదని చెప్పి, ఆమె నిజంగా ఎక్కుతుంటే? మస్తానును కిందికి మోసినవాళ్ళలో నేనున్నాను. చాప తేలిగ్గా ఉంది. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. పదేళ్ళ పిల్లను ఆ ఇంటికి పంపి, ఆ పిల్ల ఒక పొద్దున లేచి చూసేసరికి తల్లి గుట్ట మీద ఉంటే? చూశానని చెప్పి, అది నా బుర్రలో అతుక్కున్న అతుకే అయితే?

పొద్దంతా ప్యానెళ్ళు తుడిచాను. తుడిచిన వరుసే మళ్ళీ తుడిచానని ఎవరో వచ్చి చెప్పారు.

నమోదు 6

శుక్రవారం. క్యాంటీన్ షెడ్డులో కూటమి. మధ్యలో బోర్లించిన బకెట్టు మీద ఫోను, దాంట్లో ఓబుళేసు గొంతు. మాబున్ని ఉతికిన చీర కట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"మొదలుపెట్టు కేశవా."

ఆమె వేళకు తింటోందని చెప్పాను. బండి తోలడం, గోడలకు రంగు, పొరుగింటి ముసలామెకు నీళ్ళు మోయడం, అన్నీ చెప్పాను. ఎంతసేపు మంచి చెబితే చివరి మాట అంత దూరం జరుగుతుందన్నట్టు చెప్పాను. జరగలేదు.

"ఉగాది తరవాత మాబున్ని నల్లగుట్ట ఎక్కింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుని టవరు కింద నిలబడింది. నేను చూశాను."

అందరూ ఆమె చేతి వైపు చూశారు. ఆమె కుడిచెయ్యి ఒడిలోంచి లేచింది. రొమ్ము దాకా వచ్చింది. అక్కడ ఆగి, మళ్ళీ ఒడిలోకి వెళ్ళిపోయింది.

"చెయ్యి ఎత్తిందా?" ఓబుళేసు అడిగాడు.

"లేదన్నా" అని ఎవరో చెప్పారు.

"సరే. పిల్ల సంగతి తరవాత మాట్లాడదాం. మాబున్నీ, ఇప్పుడు కేశవుడి గురించి నువ్వు చెప్పు."

పద్ధతి అంతే. ఎవరి గురించి చెప్పారో వాళ్ళు, చెప్పినవాళ్ళ గురించి వెంటనే చెప్పాలి. ఆమె గొంతు సర్దుకుంది.

"పెద్దాయన బాగుండాడు. గంజి తాగుతాండాడు. మోకాలు నొప్పంటాడు, మందు రాసుకోడు. పుస్తకం లేకుంటే కసురుకుంటాడు, పుస్తకం ఉంటే అసలుకే పలకడు. పాఠాలు బాగ చెప్తాండాడు." ఆగింది. "అంతే."

"నేనొక మాట అడగొచ్చా?" అన్నాడు లింగప్ప. అతని మామూలు వెటకారం లేదు, నిజంగానే అర్థం కానట్టు నుదురు చిట్లించాడు. "పెద్దాయన అక్కను గుట్ట మీద చూసినాడు. సరే. అప్పుడు పెద్దాయన యాడ నిలబడిన్యాడు?"

"నలభయ్యో వరస దగ్గర. అక్కడికి గుట్ట కనబడుతుంది" అన్నాను.

"గుట్ట కనపడతాది. మనిసి చెవెనక చెయ్యి పెట్టేది కనపడతాదా? నేను దినామూ ఆడ ట్యాంకరు నిలుపుతా. నాకు టవరే సన్న పుల్ల మాదిరి ఉంటాది."

అతను మాబున్ని వైపు తిరిగాడు. "అక్కా, ఆయన నోరు నువ్వు గదా. పెద్దాయన గుట్ట ఎక్కినాడా?"

ఆమె నన్ను చూసింది, మొన్న చక్రం దగ్గర చూసినట్టే. "ఆయన్ని అడగాకండి. ఆయనకు తెల్దు" అంది.

"నిన్నే అడగతాండా."

"ఎక్కినాడు." మిగతాది కూడా చెప్పింది. నేలను చూస్తూ చెప్పింది. "మబ్బు పట్టిన పొద్దు. బ్రష్షు ఆడ్నే పారేసి పోతాండాడు. కేకలేసినా, ఇనపడలే ఆయనకి. ఎనకాల్నే పోతి. టవరు కింద కూకోని నగుతాండాడు. ఆయన బిళ్ళ కట్టుకోలే. నా బిళ్ళ ఇప్పి ఆయన చెవెనక కట్టినా. కట్టినాంక కొంచెం తెలివొచ్చి నన్ను చూసినాడు. నాకేమో బిళ్ళ లేదు. అరిచెయ్యి అడ్డం పెట్టుకుంటి."

"అరిచెయ్యి ఆపుతాదా?" లింగప్ప మెల్లగా అడిగాడు.

"ఆపదు."

"మరి అప్పుడే కూటమిలో యాల చెప్పలే?"

"చెప్తే పాఠాలు తీసేస్తారు గదా. పాఠాలు లేకుంటే ఈయన మల్లా పోతాడు. నన్ను దినామూ ఎక్కనిస్తారా, ఎత్తుకురానీకి?"

నేను అందరి ముఖాలూ చూశాను. వాళ్ళు చెబుతున్నది నా గురించి. నా లోపల ఎంత వెతికినా ఎక్కిన అడుగు ఒక్కటి లేదు. ఆమె ముఖం ఒక్కటే ఉంది, కళ్ళు మూసుకుని. అది నేనే చూశాను. ఎవరి కథా అతుక్కోలేదు. చూసింది నిజం. దానికి నేను పెట్టుకున్న కథే తప్పు. ఇన్ని పుస్తకాలు చదివి ఈ ఒక్క సంగతి ఊహించలేదు. నా అధ్యాయంలో కూడా ఇది లేదు.

"నేను మళ్ళీ చెబుతాను" అన్నాను లేచి నిలబడి. "ఆమె ఎక్కింది నన్ను దింపడానికి. అది రాసుకోండి. పిల్లను పంపించండి."

"అది నీకు గుర్తుందా కేశవా?" ఓబుళేసు గొంతు మెత్తగా ఉంది. అతని గొంతు మెత్తబడిందంటే నాకు భయం.

"గుర్తు లేదు. కానీ..."

"గుర్తు లేనిది నోటితో ఎట్ల చెప్తావు?" ఫోనులో చిన్న నిట్టూర్పు. "పెద్దాయనకు అంటు పట్టింది. అది ఉందని మనకందరికీ తెలుసు. ఆయన మొదటి మాట చెల్లదు, ఇప్పుడు చెప్పేదీ చెల్లదు. మాబున్ని దాచింది కాబట్టి ఆమె మాట కూడా చెల్లదు. ఇద్దరికీ కొత్త జోడీలు పెడదాం. కొత్త నోరు వానలైపోయేదాకా ఆమెను చూసి చెప్పాలి. అప్పటిదాకా పిల్ల అక్కడే ఉంటుంది."

"బస్సు వచ్చే వారమే పోతాంది అన్నా" అన్నాడు లింగప్ప.

"నియమం నియమమే లింగప్పా."

అంటు! ఎర్ర సిరాతో కొట్టేసిన మాట. నా నోట్లోంచి ఊడలాక్కుని, తుడిచి, నా మీదికే విసిరాడు. అది ఉందని తనకు ముందే తెలుసట. నేను గట్టిగా అరిచాను. ఏమరిచానో ఇక్కడ రాయడం లేదు. చాలామంది పిల్లల తల్లులు ఉన్నారు అక్కడ. అరుపు అయిపోయేసరికి ఫోను ఆగిపోయి ఉంది. మాబున్ని కుర్చీలో లేదు.

నమోదు 7

పిల్లల బస్సు నీళ్ళు పట్టుకోవడానికి కాలనీ గేటు దగ్గర ఆగింది. ఎండ నెత్తి మీద ఉంది. మాబున్ని పనిలోంచి అలాగే వచ్చింది, కోటు మీద సబ్బు నురగ. నేను రాకూడదు. వచ్చాను.

షరీఫా మూడో కిటికీ దగ్గర ఉంది. జడలు గట్టిగా వేసి ఉన్నాయి. నవ్వలేదు.

"పెట్టె సర్దుకుంటి మా. అందరికీ చెప్పేస్తి ఇంటికి పోతాండానని."

"ఈ తూరి కాలే బంగారూ. వానలైనాంక వస్తా. నేనే వస్తా."

"గుట్ట ఎక్కినావా?"

లింగప్ప నీళ్ళ గొట్టం పట్టుకుని ట్యాంకరు మీద నిలబడి ఉన్నాడు. నీళ్ళు పొర్లిపోతున్నా చూసుకోలేదు.

"ఎక్కినా" అంది మాబున్ని.

"మల్లానా?"

"ఒక్క తూరి."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. "పాపా, మీ అమ్మ నా కోసం ఎక్కింది. నన్ను..."

"నువ్వెవరు?" అంది పిల్ల.

మీ అమ్మకు నోరు నేనే అని చెప్పే హక్కు పోయిన శుక్రవారంతో పోయింది. ముసలివాణ్ణి, మీ కాలనీవాణ్ణి అని ఏదో గొణిగాను. పిల్ల కిటికీ అద్దం పైకి లాగింది. అది సగంలో ఇరుక్కుంది. రెండు చేతులతో లాగి మూసింది. బస్సు కదిలాక దుమ్ము మా మీదా, పొద్దున తుడిచిన ప్యానెళ్ళ మీదా పడింది. మాబున్ని కోటు చేతితో దగ్గర్లోని ప్యానెలు తుడవడం మొదలుపెట్టింది. దాని తరవాతది, దాని తరవాతది.

నమోదు 8

ఆమెకు నోరు ఇప్పుడు లింగప్ప. నాకు ఇంకా ఎవరినీ పెట్టలేదు. పాఠాలు తీసేశారు. పొద్దున లేచి నా వరుసలు తుడుచుకుంటాను, చెవి వెనక బిళ్ళ రెండు గుడ్డలతో కట్టుకుని.

జోడీ కాకపోయినా మాట్లాడుకోవచ్చు, వద్దనే నియమమేమీ లేదు. ఈ రోజు ఆమె బండి నా వరుస పక్కన ఆగింది. నీళ్ళ సీసా ఇచ్చింది. సగం తాగి అడిగాను.

"చెయ్యి ఎందుకు ఎత్తలేదు? సగం దాకా వచ్చింది. నేను చూశాను."

"చూసినావులే. నీ చూపు బాగనే ఉండాది" అంది. తిట్టో కాదో తెలియలేదు. బండి మెట్టు మీద కూర్చుంది. "ఎత్తుదామనే అనుకుంటి. నిన్ను దింపనీకి పోతినని చెప్పాలని. అంతలో నువ్వు ఎట్ల చెప్తివి, ఎక్కింది, చూశాను అని, సదువుకున్న గొంతుతో. దాంతో నాకే తికమకైపాయ. ఈయన కోసమే పోతినా, లేకుంటే నా బిళ్ళ ఇప్పేకి ఒక సాకు దొరికిందని పోతినా? ఆడ నిలబడినప్పుడు బాగుండె పెద్దాయనా. మస్తాను కనపడె. నీకు తెల్సే చెప్తాండావేమో అనుకుంటి. నాకంటే నీకే బాగ తెలుస్తాది గదా నా సంగతి."

"నాకేమీ తెలియదు మాబున్నీ."

"ఆ మాట శుక్రవారం అనింటే బాగుండు" అంది. కోపంగా కాదు. బండి తీసుకుని వెళ్ళిపోయింది.

తప్పెవరిదని కాలనీలో నన్నెవరడిగినా ఓబుళేసు పేరే చెబుతానని వాళ్ళ నమ్మకం. అతని వాటా అతనికి పైన రాసే ఉంచాను. గీసిన గీత, ఇచ్చి తప్పిన మాట, ఫోనులో నిట్టూర్పు, ఏదీ వదల్లేదు. దాన్ని ఎవరైనా చదివి అతనికి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. కానీ పొద్దున్నే ప్యానెలు అద్దంలో నా ముఖం కనిపించినప్పుడు పళ్ళు కొరుక్కునేది అతని మీద కాదు. ఒక చెయ్యి గాలిలోకి లేచింది. ఇంకో జానెడు లేస్తే పిల్ల ఇంట్లో ఉండేది, మూడో గోడకు రంగు పడేది. ఆ చెయ్యిగల మనిషి తను చేతులారా చేసిన పనిని పక్కన పెట్టి, ఏమీ గుర్తులేని ఒక ముసలివాడి మాట మీద నిలబడింది. దానికి నేను ఇప్పటికీ క్షమించలేనిది మాబున్నిని. నన్ను నమ్మింది.